తెరమీది శిల్పం: వీడియో ఆటల మోడలర్ల వృత్తి, విద్య, మెళకువలు

మన ప్రవాస కుటుంబాలలో వీడియో ఆటల ప్రస్తావన వచ్చిందంటే అది సాధారణంగా మందలింపు రూపంలోనే వస్తుంది. "ఇక కట్టిపెట్టి చదువుకో" అన్న మాటతో ఆ సంభాషణ ముగుస్తుంది. ఇటీవల కొన్ని ఇళ్ళలో అది అక్కడితో ముగియడం లేదు. పదకొండో తరగతి చదువుతున్న అమ్మాయో అబ్బాయో "ఈ ఆటల్లోని బొమ్మలు తయారుచేయడమే నా వృత్తిగా ఎంచుకుంటాను" అంటే తల్లిదండ్రులకు ఏమి చెప్పాలో తోచడం లేదు. వైద్యవిద్యకు దారి ఏదో మనకు తెలుసు, ఇంజనీరింగుకు తెలుసు. ఈ దారి ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో చెప్పగల బంధువు గాని మిత్రుడు గాని మన సమాజంలో అరుదు. ఆ లోటును కొంతవరకైనా తీర్చాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

రసాయనశాస్త్రం చదివినవారికి ఈ విషయంతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. నమూనాలు చేసి ఆలోచించడం మా వృత్తిలో పాత అలవాటు. 1865లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆగస్ట్ హాఫ్‌మన్ అనే ఆచార్యుడు క్రోకే ఆట బంతులకు రంగులు వేసి, కడ్డీలతో జోడించి, అణువుల నిర్మాణాన్ని సభికులకు చూపించాడు. కర్బనానికి నలుపు, ఆక్సిజన్‌కు ఎరుపు, నత్రజనికి నీలం అని ఆనాడు ఆయన వాడిన రంగులనే నేటికీ మేము కంప్యూటరు తెరమీద వాడుతున్నాము. ఆయన చేతికి దొరికినవి ఆటబంతులే కావడం కాకతాళీయం కావచ్చు. ఏమైనా, అణువుల నమూనాలను తెరమీద తిప్పి తిప్పి చూసే నాకు, అదే తెరమీద ఆటబొమ్మలను మలిచేవారి పనితనం పట్ల ఆసక్తి కలగడం సహజమే.

ఎవరీ మోడలరు?

వీడియో ఆట తయారీలో అనేక వృత్తులవారు కలిసి పనిచేస్తారు. ఆట నియమాలు రూపొందించేవారు వేరు, ప్రోగ్రాములు రాసేవారు వేరు, సంగీతం సమకూర్చేవారు వేరు. వీరుడి కవచం మొదలు వీధి చివర విరిగిపడిన కుర్చీ వరకూ తెరమీద కనబడే వస్తువులకు పొడవు, వెడల్పు, లోతు అనే మూడు కొలతలలో ఆకారం కల్పించేవారు మోడలర్లు. చిత్రకారుడు కాగితం మీద ఒకవైపు నుంచి గీసి ఇచ్చిన బొమ్మ వీరి చేతికి వస్తుంది. దానిని నాలుగు వైపులనుంచీ, పైనుంచీ, కిందినుంచీ చూసినా నిలబడే వస్తువుగా మార్చడం వీరి పని. చిత్రకారుడు గీయని వీపుభాగం ఎలా ఉండాలో ఊహించవలసినదీ వీరే. ఆటలు బాగా ఆడటం ఈ పనికి అర్హత అనుకోవడం పొరపాటు. భోజనప్రియులందరూ వంటవారు కారు కదా!

ఈ విద్యకు సంబంధించి తరచుగా చెప్పుకొనే కథ ఒకటుంది. 1975లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ అనే పరిశోధకుడికి కంప్యూటరులో గీయడానికి తగిన ఒక వస్తువు కావలసివచ్చింది. మన ఇంటి టీ పాత్రనే గీయరాదా అని ఆయన భార్య సలహా ఇచ్చింది. ఆయన ఆ పాత్రను ఎదురుగా పెట్టుకొని, గళ్ళకాగితం మీద దాని వంపులను పెన్సిలుతో గీసి, ముఖ్యమైన బిందువుల స్థానాలను సంఖ్యలుగా కంప్యూటరులోకి ఎక్కించాడు. గుండ్రటి పొట్ట, వంపు తిరిగిన కొమ్ము, చేయి దూరే సందు ఉన్న పిడి అన్నీ ఒకే వస్తువులో ఉండటంవల్ల ఆ టీ పాత్ర దశాబ్దాలపాటు పరిశోధకులందరికీ పరీక్షావస్తువైంది. అసలు పాత్ర నేడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. కాలం మారి పరికరాలు మారినా పని స్వభావం మారలేదు. వస్తువును పరిశీలనగా చూడటం, దాని ఆకారాన్ని నిర్ణయించే కొద్ది బిందువులను ఎంచుకోవడం, మిగిలినవాటిని వదిలివేయడం.

ఆ బిందువులను గీతలతో కలిపితే త్రిభుజాలు ఏర్పడతాయి. ఆటలో కనిపించే ముఖమైనా, మేడయినా చివరకు త్రిభుజాల వలయే. త్రిభుజమే ఎందుకంటే, ఏ మూడు బిందువులు తీసుకున్నా అవి ఒకే తలం మీద ఉంటాయి. నాలుగు కాళ్ళ బల్ల ఎగుడుదిగుడు నేలమీద కుంటుతుంది, ముక్కాలిపీట కుంటదు. కంప్యూటరుకు కూడా ముక్కాలిపీటే సుఖం. ఇక ఆకారాలను పుట్టించే పద్ధతులు చూస్తే మనకు పరిచయమైనవే ఎదురవుతాయి. ఏటికొప్పాక కళాకారులు గిరగిర తిరిగే అంకుడు కర్రకు ఉలి ఆనించి బొమ్మలు తీయడం మనలో కొందరైనా చూసి ఉంటారు. మోడలింగ్ సాఫ్ట్‌వేరులో సరిగ్గా అదే పని చేసే సాధనం ఉంది, దాని పేరు కూడా 'లేత్' అనే. వస్తువు అంచు వంపును ఒక గీతగా గీసి ఇస్తే చాలు, దానిని అక్షం చుట్టూ తిప్పి చెంబును, స్తంభాన్ని, చదరంగపు బంటును తయారుచేసి పెడుతుంది.

పొదుపు అనే విద్య

సినిమాకు నమూనాలు చేసేవారికీ ఆటకు చేసేవారికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. 2012లో వచ్చిన 'ఈగ' చిత్రాన్ని మనమందరం చూశాము. అందులోని ఈగ కంప్యూటరులో మలిచిన నమూనాయే. ఆ చిత్రానికి హైదరాబాదులోని మకుట సంస్థ ప్రత్యేక ప్రభావాల విభాగంలో జాతీయ పురస్కారం అందుకుంది. సినిమాలో ఒక్కొక్క దృశ్యచిత్రాన్ని లెక్కించి గీయడానికి కంప్యూటరు గంటలకొద్దీ సమయం తీసుకున్నా ప్రేక్షకుడికి నష్టం లేదు. అతడు చూసేది సిద్ధమైన ఫలితాన్ని. ఆటలో ఆ వెసులుబాటు లేదు. ఆడేవాడు ఏ క్షణంలో ఎటు తల తిప్పుతాడో ఎవరికీ తెలియదు. సెకనుకు అరవై చిత్రాలు చూపించాలంటే ఒక్కొక్క చిత్రానికి దక్కేది సుమారు 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. ఆ వ్యవధిలోనే నేల, ఆకాశం, పాత్రలు, నీడలు అన్నీ లెక్క తేలాలి. కాబట్టి మోడలరు వాడే ప్రతి త్రిభుజమూ ఖర్చే.

1996లో విడుదలైన 'క్వేక్' ఆటలో ఒక మనిషి ఆకారానికి దక్కినవి కొన్ని వందల త్రిభుజాలు. వాటితోనే తల, భుజాలు, ఆయుధం తేలాలి. ఈనాడు పెద్ద ఆటలలో ప్రధానపాత్రకు లక్ష దాటడం సామాన్యమైంది. ఈ మార్పుకు యంత్రాల వేగం ఒక కారణం కాగా, మరొకటి చక్కని యుక్తి. మోడలరు మొదట కోట్ల త్రిభుజాలతో, చర్మపు ముడతలు, గుడ్డ నేత కూడా కనిపించేలా ఒక భారీ నమూనాను మలుస్తాడు. తరువాత దానిమీద చాలా తక్కువ త్రిభుజాలతో తేలికపాటి నమూనాను కప్పుతాడు. భారీ నమూనా ఉపరితలం ఒక్కొక్క చోట ఏ దిక్కుకు తిరిగి ఉందో ఆ సమాచారాన్ని ఒక రంగుల చిత్రంగా భద్రపరిచి తేలిక నమూనాకు అంటిస్తాడు. వెలుతురు పడినప్పుడు ఆ చిత్రం ఆధారంగా లెక్క కడతారు గనుక, లేని ముడత ఉన్నట్టే కనిపిస్తుంది. 1996లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వెంకట్ కృష్ణమూర్తి, మార్క్ లెవోయ్ ప్రచురించిన పత్రం ఈ ఆలోచనకు మూలాలలో ఒకటి. 2004లో వచ్చిన 'డూమ్ 3' ఆట దీనిని విస్తృతంగా వాడి చూపింది. 2022లో విడుదలైన అన్‌రియల్ ఇంజిన్ 5లో 'నానైట్' అనే ఏర్పాటు వచ్చాక, కదలని రాళ్ళు, గోడలు వంటివాటి విషయంలో త్రిభుజాల లెక్క చాలావరకు యంత్రమే చూసుకుంటున్నది. అంతమాత్రాన పొదుపు అవసరం తీరిపోలేదు. చేతిఫోనులో ఆడే ఆటలకు పాత లెక్కలే వర్తిస్తాయి.

త్రిభుజాలు ఎన్ని అన్నదానికంటే అవి ఎలా అమరాయన్నది ముఖ్యం. మనిషి ముఖాన్ని తీసుకోండి. నోటి చుట్టూ, కంటి చుట్టూ గీతలు వలయాలుగా తిరగాలి, ఎందుకంటే అక్కడి కండరాలు వలయాకారంలోనే ఉన్నాయి. అలా అమర్చిన ముఖం నవ్వితే నవ్వులా ఉంటుంది. అడ్డదిడ్డంగా అమర్చినది కదలనంతసేపూ అందంగానే ఉండి, నోరు తెరవగానే నలిగిన కాగితంలా ముడుచుకుపోతుంది. మోచేయి, మోకాలు వద్దా ఇంతే. నమూనా పూర్తయ్యాక దానిలో ఎముకలు అమర్చేవారు వేరే ఉంటారు. తోలుబొమ్మకు కీళ్ళవద్ద ముక్కలు విడదీసి దారంతో కట్టడం వంటిది వారి పని. కీలు ఎక్కడ వస్తుందో ముందే తెలిసినవాడే తోలును సరిగ్గా కత్తిరించగలడు. అందుకే శరీరనిర్మాణ శాస్త్రం తెలియని మోడలరు ఎంత అందమైన బొమ్మ చేసినా తరువాతివారికి తలనొప్పి.

ఇత్తడి కుంది పరీక్ష

ఆకారం తరువాత రంగు, పదార్థం. ముందుగా, గుండ్రటి వస్తువు చర్మాన్ని ఒలిచి బల్లపరుపుగా పరచాలి. దర్జీ పని తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఒంటికి అతికే రవికె కుట్టాలంటే చదునైన గుడ్డను ఎక్కడ కత్తిరించాలో, కుట్లు ఎక్కడ దాచాలో తెలియాలి. మోడలరు చేసేది దీనికి తలకిందులు. ఉన్న ఒంటిమీది చర్మాన్ని ఏయే కుట్లవద్ద విప్పితే సాగకుండా, ముడతపడకుండా చదునుగా పరుచుకుంటుందో నిర్ణయిస్తాడు. ఆ చదును పటం మీదనే రంగులు వేస్తారు. ఇది విసుగు పుట్టించే పని. అయినా దీనిని శుభ్రంగా చేసినవాడు చిన్నవాడైనా పెద్ద సంస్థల కంట్లో పడతాడు.

ఇక పదార్థాల సంగతి. రసాయనశాస్త్రం చదివినవారికి ఇక్కడ కాలు నిలవదు. వెనుకటి ఆటలలో లోహానికి మెరుపును చిత్రకారుడే తెల్లరంగుతో అద్దేవాడు, దీపం పక్కకు జరిగినా ఆ మెరుపు కదిలేది కాదు. 2012లో డిస్నీ స్టూడియోకు చెందిన బ్రెంట్ బర్లీ ఒక పద్ధతిని ప్రకటించాడు. పదార్థం రంగు ఏమిటి, అది లోహమా కాదా, దాని ఉపరితలం ఎంత గరుకు అనే కొద్దిపాటి కొలతలు ఇస్తే, కాంతి భౌతికశాస్త్ర నియమాలకు దగ్గరగా ఎలా ప్రవర్తించాలో కంప్యూటరు లెక్కగడుతుంది. తరువాత కొద్ది సంవత్సరాలలోనే ఆటల పరిశ్రమ దీనిని స్వీకరించింది.

దీని వెనుక ఉన్న శాస్త్రం ఇది. ప్లాస్టిక్కు, కర్ర, రాయి వంటి లోహేతర పదార్థాల మీద ఎదురుగా పడిన కాంతిలో నూటికి నాలుగు వంతుల ప్రాంతంలో మాత్రమే ఉపరితలం నుంచి తిరిగి వస్తుంది. మిగిలినది లోపలికి చొరబడి, చెదిరి, కొంత పోగొట్టుకొని, రంగు పులుముకొని బయటికి వస్తుంది. మనం వస్తువు రంగు అనేది దానినే. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఉంటాయి గనుక కాంతి లోపలికి పోయి చెదిరి బయటపడే అవకాశం లేదు. వచ్చినదంతా ఉపరితలం వద్దే తిరగబడుతుంది, లేదా అక్కడే ఇంకిపోతుంది. బంగారం, రాగి నీలపు కాంతిని ఎక్కువగా మింగుతాయి గనుక వాటి మెరుపుకే రంగు ఉంటుంది. అందుకే ప్లాస్టిక్కు బిందె మీది మెరుపు తెల్లగా, రాగి బిందె మీది మెరుపు ఎర్రగా కనిపిస్తుంది. ఈ భేదం గ్రహించని విద్యార్థి పసుపురంగు పూసి బంగారం అనుకుంటాడు. చూసేవారికి అది ఆవపిండి ముద్దలా కనిపిస్తుంది.

ఆసక్తి ఉన్న పిల్లలకు నేను చెప్పే పరీక్ష ఒకటుంది. మన పూజగదిలోని ఇత్తడి దీపపు కుందిని నమూనాగా చేయమంటాను. ఆకారం లేత్ పద్ధతిలో గంటలో వస్తుంది. అప్పుడు అసలు పని మొదలవుతుంది. ఇత్తడి రాగి, తుత్తునాగాల మిశ్రమం. గాలికి, తేమకు అది మసకబారుతుంది. కానీ అంతటా ఒకేలా బారదు. రోజూ చేయి పట్టుకొనే కాడ మెరుస్తుంటుంది, చేయి అందని గాడుల్లో చిలుము నిలుస్తుంది. చింతపండుతో తోమినప్పుడు అందులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడును కరిగిస్తుంది గాని, వేలు దూరని మూలలను తాకదు. ఒత్తి ఉండే చోట మసి, దాని కింద నూనె జారిన చార, పాదం దగ్గర గతవారపు కుంకుమ. నూనె పడిన చోట ఉపరితలం నునుపు, కుంకుమ పడిన చోట గరుకు. ఇవన్నీ గరుకుదనపు పటంలో చూపించగలిగితే ఆ కుంది ఒక ఇంటిదని, దానిని ఎవరో రోజూ వెలిగిస్తారని చూసేవారికి చెప్పకుండానే తెలుస్తుంది. కొట్టులో అప్పుడే కొన్నట్టు అంతటా తళతళలాడే కుందిని ఎవరైనా చేయగలరు. ఉద్యోగం ఇచ్చేవారు చూసేది ఈ తేడానే.

ప్యారిస్ నగరంలోని నోత్రదామ్ చర్చి ఉదంతం ఈ వృత్తిలోని వివేచనకు మంచి నిదర్శనం. ఫ్రెంచి విప్లవకాలం నాటి కథతో 2014లో వచ్చిన 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' ఆట కోసం కరొలీన్ మియూస్ అనే కళాకారిణి ఆ చర్చిని నిర్మించడానికి సుమారు రెండేళ్ళు వెచ్చించింది. ఆ కాలానికి చర్చి పాత శిఖరాన్ని శిథిలమైందని తొలగిస్తున్నారు. లోకమంతా ఎరిగిన సన్నని శిఖరం 19వ శతాబ్దంలో కట్టినది. అయినా ఆటలో శిఖరం ఉంది. అది లేకపోతే ఆడేవారికి నోత్రదామ్ అనిపించదని నిర్మాతలు భావించారు. చరిత్రకారుడు ఒప్పుకోడు, ఆట నిర్మాత అలాగే చేస్తాడు. 2019 ఏప్రిల్ 15న చర్చి అగ్నికి ఆహుతైనప్పుడు, ఈ ఆటలోని నమూనాతోనే పునర్నిర్మాణం చేయవచ్చన్న వార్త బాగా ప్రచారమైంది. అందులో పస లేదు. మిల్లీమీటర్ల లెక్కన కొలతలు కావలసిన పనికి 2010లో ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ఆచార్యుడు లేజరుతో తీసిన కొలతల వంటివి పనికివచ్చాయి. ఆట నమూనా సత్యాన్ని కొలిచేది కాదు, సత్యమన్న నమ్మకం కలిగించేది.

ఏమేమి నేర్చుకోవాలి?

మొదటిది చిత్రలేఖనం. సాఫ్ట్‌వేరు నేర్చుకోవడంతో ఈ విద్య మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. "ముప్పై రోజుల్లో నిపుణులు కండి" అని ప్రకటించే శిక్షణ తరగతులు ఆ నమ్మకం మీదనే బతుకుతున్నాయి. మీటలు నొక్కడం కొన్ని నెలల్లో వస్తుంది, చూపు రావడానికి సంవత్సరాలు పడుతుంది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని బొగ్గుతో గీయడం నేర్పే సాయంకాలపు తరగతులు అమెరికాలో అనేక కమ్యూనిటీ కళాశాలల్లో తక్కువ ఖర్చుకే దొరుకుతాయి. బంకమట్టితో చేతి వేళ్ళను, చెవిని మలిచి చూడటం ఇంకా మంచిది. ముక్కు ఎక్కడ ముగిసి చెంప ఎక్కడ మొదలవుతుందో కంటికంటే వేలికి ముందు తెలుస్తుంది. మన ఇళ్ళలో తొమ్మిదో తరగతి రాగానే బొమ్మలు గీయడం మాన్పించి గణితం ట్యూషన్లో చేర్చడం ఆచారంగా మారింది. ఈ వృత్తి వరకు చెప్పాలంటే అది పునాదిని తవ్వి గోడ లేపడమే.

గణితం ఎంత కావాలని అడిగితే, కేవలం మోడలరుకు కావలసినది స్వల్పం. కోణాలు, నిష్పత్తులు, ఆకారాల జ్ఞానం చాలు. అయితే 'టెక్నికల్ ఆర్టిస్టు' అనే మరో ఉద్యోగం ఉంది. కళాకారులకూ ప్రోగ్రామర్లకూ మధ్య దుబాసీ వంటివాడు అతడు. పైథాన్ భాషలో చిన్న చిన్న సాధనాలు రాయడం, కాంతి లెక్కలు సరిచేయడం, బరువైన నమూనాలవల్ల ఆట ఎక్కడ నత్తనడక నడుస్తున్నదో కనిపెట్టడం అతడి పని. సదిశలు, మాత్రికలు క్షుణ్ణంగా రావాలి, బొమ్మ బాగుందో లేదో కూడా తెలియాలి. రెండూ వచ్చినవారు తక్కువ కాబట్టి వారికి గిరాకీ ఎక్కువ. బొమ్మలు గీసే చేయి, లెక్కలు చేసే బుర్ర రెండూ ఉన్న పిల్లలు మన ఇళ్ళలో కొదవ లేదు. వారికి ఈ ఉద్యోగం పేరైనా తెలియకపోవడం విచారకరం.

సాఫ్ట్‌వేరు సంగతి క్లుప్తంగా చెబుతాను. మాయా, త్రీడీఎస్ మ్యాక్స్ ఆకారాలకు, జీబ్రష్ మట్టిలా మలచడానికి, సబ్‌స్టెన్స్ పెయింటర్ పదార్థాలకు పేరుపొందాయి. అన్నీ ఖరీదైనవే. బ్లెండర్ మాత్రం ఉచితం. 2002లో దాని అభిమానులు లక్ష యూరోల విరాళాలు పోగుచేసి, దానిని పెట్టుబడిదారుల చేతినుంచి విడిపించి లోకానికి వదిలారు. నేర్చుకొనేవారికి అది పుష్కలంగా సరిపోతుంది. కంప్యూటరు కొనడానికి ముందు బ్లెండరుతో ఆరునెలలు గడపమని తల్లిదండ్రులు పిల్లలకు చెప్పవచ్చు. ఆరునెలల తరువాత కూడా ఆసక్తి నిలిచి ఉంటే అది నిజమైన ఆసక్తే.

ఇవన్నీ కాక, స్వభావానికి సంబంధించినది ఒకటి ఉంది. ఈ వృత్తిలో ప్రతిరోజూ పదిమంది ముందు తన పనిని తెరమీద పెట్టి తప్పులు వినాలి. నెలరోజులు మలిచిన రాక్షసుడిని కథ మారిందని ఒక్క మాటతో తీసివేస్తారు. ఫైళ్ళకు క్రమపద్ధతిలో పేర్లు పెట్టడం, చెప్పిన తేదీకి అందజేయడం వంటి గుమాస్తా గుణాలు లేని మేధావులు ఇక్కడ నిలవరు.

ఉద్యోగాలు, ఆదాయం, ఒడుదొడుకులు

పాత్రలను చేసే ఉద్యోగాలను అందరూ కోరుకుంటారు, అందుకే అవి దొరకడం కష్టం. భవనాలు, అడవులు, సామాన్లు చేసే 'ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్టు' ఉద్యోగాలు సంఖ్యలో ఎక్కువ. అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కల ప్రకారం 2023 మే నాటికి సినిమా, ఆటలు కలిపి ఈ తరహా కళాకారుల మధ్యస్థ వార్షిక వేతనం 99,060 డాలర్లు. ఈ అంకె చూసి తొందరపడరాదు. ఇది అనుభవజ్ఞులు కూడా కలిసిన లెక్క. కొత్తవారికి చాలా తక్కువ వస్తుంది, అదీ అనేకసార్లు కొద్దినెలల ఒప్పందం మీద. ఆట విడుదలకు ముందు రాత్రింబగళ్ళు పనిచేయించే దురలవాటు కూడా ఈ పరిశ్రమలో ఉంది.

అంతకంటే పెద్ద కబురు మరొకటి. ఆటల పరిశ్రమలో ప్రపంచవ్యాప్తంగా 2023లో పదివేలమందికి పైగా ఉద్యోగాలు కోల్పోగా 2024లో ఆ సంఖ్య ఇంకా పెరిగింది. ఆ ఏడాది జనవరిలో మైక్రోసాఫ్ట్ తన ఆటల విభాగంలో 1,900 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది, మరుసటి నెలలో సోనీ 900 మందిని. కొత్తగా చదువు ముగించినవారు ఇలా బయటపడిన అనుభవజ్ఞులతో పోటీ పడవలసివస్తున్నది. పైగా తొలిమెట్టు పనులు, అంటే పీపాలు, పెట్టెలు, చెట్లు చేయడం, చాలాకాలంగా ఇతర దేశాలకు తరలిపోతున్నాయి. 1997లో బెంగళూరులో రాజేశ్ రావు స్థాపించిన ధ్రువ ఇంటరాక్టివ్ సంస్థ విదేశీ ఆటలకు నమూనాలు చేసిపెడుతూ ఎదిగింది. 2019లో సుప్రసిద్ధమైన రాక్‌స్టార్ సంస్థ దానిని కొనుగోలు చేసింది. అలాగని భారతదేశంలోని కొలువులు శాశ్వతమనీ అనలేము. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కుప్పకూలినప్పుడు అక్కడి దాని కార్యాలయాల ఉద్యోగులు కూడా వీధిన పడ్డారు.

కృత్రిమ మేధ సంగతి అడగని తల్లిదండ్రులు లేరు. మాటలతో వర్ణిస్తే త్రిమితీయ నమూనాను ఇచ్చే సాధనాలు వచ్చిన మాట నిజం. దూరంగా కనిపించే రాయికో, పెట్టెకో అవి పనికివస్తాయి. కీళ్ళు కదలవలసిన పాత్రకు అవి ఇచ్చే వల తరచుగా చిక్కుపడి ఉంటుంది. దానిని విప్పి తిరిగి అల్లడం తెలిసిన చేయి కావాలి. నా అంచనా ఏమంటే, పీపాలూ పెట్టెలూ చేస్తూ పని నేర్చుకొనే తొలిమెట్టు మరింత సన్నబడుతుంది. అందువల్ల కొత్తగా వచ్చేవారు రెండోమెట్టు నైపుణ్యంతోనే గడప దాటవలసి ఉంటుంది.

చదువు ఎక్కడ?

ఈ రంగంలో పట్టాకంటే చేసిన పనుల సంపుటికి విలువ ఎక్కువ. ఉద్యోగం ఇచ్చేవారు మొదట దానినే చూస్తారు. నచ్చితే ఒక వస్తువు చేసి చూపమని పరీక్ష పెడతారు. సంపుటిలో ఇరవై నాసిరకం బొమ్మలకంటే నాలుగు మంచివి మేలు. పైపై మెరుగుతోబాటు లోపలి గీతల వల, ఒలిచి పరచిన పటం, త్రిభుజాల సంఖ్య కూడా చూపించాలి. తాము చేరదలచిన సంస్థ ఆటల తీరుకు తగిన పనులు అందులో ఉండాలి. అందరికీ పనికివచ్చే సంపుటి ఎవరికీ పనికిరాదు.

అమెరికాలో ఈ విద్య నేర్పే ప్రైవేటు కళాశాలల్లో ఏడాది ఖర్చు యాభైవేల డాలర్లు దాటడం సామాన్యం. కొన్ని నిజంగా గొప్పవి. వాషింగ్టన్ రాష్ట్రం రెడ్మండ్‌లోని డిజిపెన్, ఫ్లోరిడాలోని రింగ్లింగ్ కళాశాల వంటివాటికి మంచి పేరుంది. అన్నీ అటువంటివి కావు. దేశమంతటా శాఖలున్న 'ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్' అనే లాభాపేక్షగల కళాశాలల గొలుసు 2023 సెప్టెంబరులో తన చివరి శాఖలనూ మూసివేసింది. అది ఉద్యోగావకాశాల గురించి విద్యార్థులను తప్పుదారి పట్టించిందని నిర్ధారించి, 2024 మేలో ప్రభుత్వం 3,17,000 మందికి చెందిన ఆరువందల కోట్ల డాలర్లకు పైబడిన రుణాలను రద్దు చేసింది. సంతకం పెట్టేముందు ఆ కళాశాలలో గత రెండేళ్ళలో చదివినవారి పనులు చూడాలి, వారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో పేరుపేరునా అడిగి తెలుసుకోవాలి. నా మటుకు నేను సొంత రాష్ట్రపు విశ్వవిద్యాలయంలో లలితకళలు, కంప్యూటరు శాస్త్రం కలిపి చదవడాన్నే ఎక్కువ ఇష్టపడతాను. టీ పాత్ర పుట్టిన యూటా విశ్వవిద్యాలయమే నేడు ఆటల నిర్మాణంలో పట్టాలు ఇస్తున్నది.

అలా చదవడంలో మరో సౌకర్యం ఉంది. ఆటల పరిశ్రమ తలుపు మూసినా ఇదే విద్యకు వేరే తలుపులు తెరిచి ఉంటాయి. వాస్తుశిల్పులకు, వస్తుప్రదర్శనశాలలకు, శస్త్రచికిత్సకు ముందు రోగి అవయవాన్ని తెరమీద తిప్పి చూడదలచిన వైద్యులకు నమూనాకారులు కావాలి. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో వైద్యచిత్రకళ విభాగం 1911 నుంచీ ఉంది. నేడు అక్కడ కుంచెతోబాటు త్రిమితీయ సాఫ్ట్‌వేరునూ నేర్పుతారు. బూడిదరంగు గోళం మీద ఎర్రటి ముళ్ళతో కరోనా వైరస్ చిత్రాన్ని చూడనివారు ఈ భూమి మీద ఉండరేమో. 2020 జనవరిలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రంలో పనిచేసే అలిస్సా ఎకర్ట్, డాన్ హిగ్గిన్స్ అనే ఇద్దరు వైద్యచిత్రకారులు దానిని తయారుచేశారు. వైరస్ ప్రోటీన్ల పరమాణువుల స్థానాలను మా రసాయనశాస్త్రజ్ఞులు నిత్యం వాడే ప్రోటీన్ డేటా బ్యాంకు నుంచి తీసుకొని, ఆటల మోడలర్లు వాడే త్రీడీఎస్ మ్యాక్స్‌లోకి ఎక్కించారు. ఏ ముల్లు ఎక్కడ ఉండాలి, ఉపరితలం ఎంత గరుకుగా కనిపించాలి, నీడ ఎటు పడాలి, ఏ రంగు వేస్తే చూసేవాడు ఒక్క క్షణం ఆగి చూస్తాడు అన్నవన్నీ వారు కూర్చొని నిర్ణయించారు. కంటికి కనబడని ఆ రేణువుకు సహజంగా ఏ రంగూ లేదు.